పాత నీళ్లు

కణాల గది, పై అంతస్తు
సోమవారం, భోజనాల వేళ

మరదలు పిల్లకి,

వదిన ఆశీస్సులు. నిన్న ఫోనులో మనం మాట్లాడుకున్నదేమీ లేదు. నువ్వు ఏడ్చావు, నేను ముక్కు చీదాను, లైను తెగిపోయాక బతికిపోయాం అనుకున్నాం. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద ఎవరు ఏడ్చినా రెండోవాళ్లకి వినపడదు. మీ ఆసుపత్రికీ మా ల్యాబుకీ మధ్య చల్లపెట్టెలు మోసే వ్యాను ఎలాగూ తిరుగుతుంది. దాని డ్రైవరును మేమంతా నత్త అంటాం. కుదుపులకి పెట్టెలోని సరుకు పాడవుతుందని అతను నడిచే మనిషి కన్నా నెమ్మదిగా నడుపుతాడు. మన ఉత్తరాలు కూడా మోస్తానన్నాడు.

తమ్ముడి చర్మం ముక్క ఈ పొద్దున అతనే తెచ్చాడు. చెవి వెనక నుంచి తీశారట, తపాలా బిళ్లంత ఉంది. సీసా మీద పేరు ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది. అయినా మూత తీసే ముందు ఆ నంబరు రెండుసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్లుగా ముక్కూ మొహం తెలియని వాళ్ల చర్మం పెంచాను. ఇప్పుడు మావాడిదే వచ్చి కూర్చుంది. "వేరేవాళ్లకి అప్పగించమంటారా?" అని మా ల్యాబు పెద్దాయన అడిగాడు. నా చేతుల్లో పెరిగినవాడు, నా చేతుల్లోనే పెరుగుతాడన్నాను.

డాక్టర్లు నీకు హడావిడిలో చెప్పి ఉంటారు, నేను నెమ్మదిగా చెప్తాను. ఛాతీ, వీపు, రెండు చేతులు కాలినవాడికి తీసి అతికించడానికి చాలినంత మంచి చర్మం ఒంటిమీద మిగల్లేదు. అందుకని ఈ బిళ్లలోంచి కణాలు విడదీసి, గిన్నెల్లో పెంచి, పలచటి రేకులుగా చేసి మేము పంపాలి. మూడు వారాల పని. అప్పటిదాకా పుండ్లు తెరుచుకునే ఉంటాయి. వాటికి చీము పట్టకుండా చూసుకోవడం మీ వంతు.

నేను అక్కడికి రాలేను. వార్డులోని సూక్ష్మజీవులు నా బట్టలు పట్టుకుని ఈ గదిలోకి వచ్చాయంటే గిన్నెలన్నీ పాడవుతాయి. వాడి చర్మం నా దగ్గరున్నన్నాళ్లు వాడి మొహం నేను చూడకూడదు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుని వస్తే కడిగి, నోటితో ఊదేదాన్ని. మంట తగ్గిపోయాక కూడా "ఇంకోసారి ఊదు" అని కాలు చాపేవాడు, వెధవ.

ఇంకో సంగతి. మీ బేకరీ పనివాళ్లిద్దరూ పిండి జాడీ తెచ్చి నా వంటింట్లో పెట్టి పోయారు. మా నాన్ననాటి పులిసిన పిండి అది. అందులోంచి కొంచెం తీసి కొత్త పిండిలో కలిపితేనే మీ రొట్టె పొంగుతుందనీ, తీసినంత మళ్లీ పోసి దాన్ని బతికించాలనీ చెప్పారు. ఏం కంపే తల్లీ అది! మీ అన్నయ్య జాడీ వచ్చిన పూట నుంచి వరండాలో భోంచేస్తున్నాడు.

వాడికి చెప్పు, నేను ఇక్కడ ఉన్నానని.

వదిన


కాలిన గాయాల వార్డు, బయటి వరండా
బుధవారం

వదిన గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను, బేకరీ ముక్క వదిలేసి. కోపగించుకోకండి. పొయ్యి పేలిన పూట గురించి ఎవరైనా ఎత్తితే ఒళ్లంతా బిగుసుకుపోతోంది, నిద్రలో అరుస్తున్నారు. కొన్నాళ్లు ఆ ప్రస్తావన తేవద్దని పెద్ద నర్సమ్మ చెప్పింది. అందుకని నేను గట్టి కట్టడి పెట్టాను. పొయ్యి మాట వద్దు, రొట్టె మాట వద్దు, పనివాళ్ల ఊసు వద్దు, ఏడుపు మొహాలతో ఎవరూ రావద్దు. వచ్చినవాళ్లు నవ్వాలి, వాతావరణం గురించి మాట్లాడాలి, పోవాలి. మీరు కూడా ఉత్తరాల్లో మంచి మాటలే రాయండి.

ఆయన బాగానే ఉన్నారు. సూపు తాగుతున్నారు. నిన్న నవ్వారు కూడా. వార్డులో నేలని పూటకి రెండుసార్లు మందు నీళ్లతో తుడుస్తారు. మీరుంటే మూడోసారి మీరే తుడిచేవారు. పెళ్లయిన కొత్తలో నేను తోమిన గిన్నెలన్నీ మీరు మళ్లీ తోమినందుకు నెల్లాళ్లు మీతో మాట్లాడలేదు, గుర్తుందా? ఇప్పుడు అదే చేతుల్లో ఆయన ఉన్నారంటే నాకెంత ధైర్యంగా ఉందో చెప్పలేను.

మీ డ్రైవరు నిజంగా నత్తే. కానీ ఉత్తరం ఇచ్చి వెంటనే పోడు. గాజు తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి పోతాడు. కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని చెప్పాడు. ఏ భాషలోనండీ? ఆడపడుచులూ మరదళ్లూ ఉంటారా వాటిలో?

మీ మరదలు


కణాల గది
సోమవారం

మరదలు పిల్లకి,

ఆడపడుచులున్నాయి, పెత్తనం కూడా చేస్తాయి. విను.

నోటిమాటలు కావు గానీ, వాటివీ మాటలే. ప్రతి కణమూ తన చుట్టూ ఉన్న నీళ్లలోకి రకరకాల రసాయనాలు వదులుతుంది. పక్కదాని ఒంటిమీద వాటిని పట్టుకునే తావులుంటాయి. ఈ తాళంచెవి ఆ తాళంలో పడితే లోపలికి కబురు వెళ్తుంది. "రెండుగా చీలు" అనో, "ఆగు" అనో, "పక్కకి జరుగు" అనో, "బతుకు" అనో. దూరపు చుట్టాలకి రక్తంలో కబురు పంపుతాయి, ఇరుగుపొరుగుకి నీళ్లలో వదులుతాయి. మరీ ఆనుకుని ఉన్నవాళ్లు గోడలో సన్నటి కంత పెట్టుకుని చేతికి చేయి ఇచ్చిపుచ్చుకుంటారు. అసలు విషయం ఏమిటంటే, ఏ కబురూ రాని కణం బతకదు. దాన్ని ఎవరూ చంపక్కర్లేదు. నేను ఎవరికీ అక్కర్లేదనుకుని తనంతట తనే సర్దుకుని పోతుంది.

అందుకే గిన్నె అడుగున ముందు దాది కణాలు పరుస్తాం. ఎవరో పుణ్యాత్ములు ఇచ్చినవి. అవి ఇంక చీలకుండా ముందే కిరణాలు పెట్టి ఆపేస్తాం. వాటికి పిల్లలు పుట్టవు, అవి పెరగవు. పైన పడ్డ చర్మం కణాలకి "మేమున్నాం, మేమున్నాం" అని కబుర్లు పంపుతూ కూర్చోవడమే వాటి పని. వాటిని చూస్తే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. మా ఇంట్లో పిల్లలందరూ ఆవిడ అరుపుల మీదే పెరిగారు.

మావాడి కణాలు బాగానే ఉన్నాయి. దిగులు పెట్టుకోకు. మామూలుగా గిన్నెలో కణాల తిండి కలిపిన గులాబీ రంగు నీళ్లు రెండు మూడు రోజులకోసారి మారుస్తాం. వాడి గిన్నెలు నేను రోజూ కడిగి, రోజూ కొత్త నీళ్లు పోస్తున్నాను. ఒక్కోరోజు రెండుసార్లు. మావాడు పాతనీళ్లలో ఎందుకుండాలి?

బేకరీ మాట ఎత్తనులే. మీ ఇంటి పెత్తనం నీదే.

వదిన


వార్డు వరండా
శుక్రవారం

వదిన గారికి,

మీ కబురు అందిన దగ్గర నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. బాగా పెరుగుతున్నాయని మీ నోటితో అన్నాక ఇంకేం కావాలి? ఆయన చెవిలో చెప్పేశాను, "వచ్చే వారానికి మీ చర్మం తయారవుతుంది, మీ అక్క స్వయంగా రోజూ కడిగి పెంచుతోంది" అని. కళ్లు మూసుకున్నారు. సంతోషంతోనే.

ఇక్కడ అందరూ బాగున్నారు. ఎండ తగ్గింది. కిటికీలోంచి గాలి వస్తోంది.

మీ మరదలు


కణాల గది
మంగళవారం

మరదలా,

ఇది వాడికి చదవకు. ముందు నువ్వు కూర్చో.

బాగా పెరుగుతున్నాయని నేననలేదు, బాగానే ఉన్నాయన్నాను. కానీ నీకు అలా వినపడేలాగే రాశాను కదా, ఇంకా బుకాయించడం ఎందుకు? అప్పటికే నాకు అనుమానంగా ఉంది. మొదటి రోజుల్లో కణాలు గిన్నెకి అతుక్కున్నాయి. తర్వాత చీలడం మానేశాయి. తీరానికి దూరమైన పడవల్లా ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రేపటికి కదులుతాయిలే అని రోజూ అనుకున్నాను, రోజూ ఇంకా శుభ్రంగా కడిగాను. నిన్న మా పెద్దాయన మైక్రోస్కోపులో చూసి, అద్దం తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత "దాది కణాలు ఏవమ్మా?" అన్నాడు.

లేవు. నేను కడిగిన ప్రతిసారీ కొన్ని ఊడి కొట్టుకుపోయాయి. మిగిలినవి పంపిన కబుర్లు నీళ్లలోనే కదా ఉంటాయి. ఆ నీళ్లు నేను రోజూ వంపేశాను. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టేసిందంటారే, అదే చేశాను. మావాడి కణాలు మచ్చలేని గిన్నెలో, మంచి తిండి మధ్యలో, పలకరించే దిక్కులేక పోయాయి. ఇంకెవరి గిన్నె అయినా పద్ధతి ప్రకారం వదిలేసేదాన్ని. నా తమ్ముడని ప్రేమ ఎక్కువైంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు కూడా తొక్కలేదు, కడిగే చెడగొట్టాను. నా చేతులు నరికేసుకోవాలనిపించింది.

మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకో ముక్క కావాలి. మా పెద్దాయన మీ పెద్ద డాక్టరుతో మాట్లాడాడు. పుండ్లు ఇంకా శుభ్రంగానే ఉన్నాయట, ఇంకో మూడు వారాలు ఆగొచ్చట, అంతకన్నా ఆలస్యమైతే మాత్రం ప్రాణం మీదికి వస్తుందట.

ఇప్పుడు నువ్వు నిజం చెప్పు. నత్త నోట్లో నువ్వుగింజ నానదు. "మీ తమ్ముడు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడమ్మా, ఆవిడ వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోందమ్మా" అన్నాడు. సూపు తాగుతున్నాడన్నావు, నవ్వాడన్నావు. ఏది నిజం?

వదిన


వార్డు వరండా
బుధవారం

వదిన గారూ,

మీ తమ్ముడు రెండో ముక్క ఇవ్వనన్నారు.

నిన్న పెద్ద డాక్టరు వచ్చి అడిగితే తల అడ్డంగా ఊపారు. నేను బతిమాలితే "చాలు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మాట అది ఒక్కటే. సంతకం పెట్టకుండా ఆయన్ని తాకరు. నేను సంతకం పెడతానంటే, స్పృహలో ఉన్న మనిషి వద్దంటే కుదరదన్నారు.

మీరు ఆ రోజే ఒక్క ముక్క రాసి ఉంటే, వచ్చే వారం వచ్చేస్తుందని నేను ఆయనకి ఆశ పెట్టేదాన్ని కాదు. కొండంత ఆశ చూపించి లాగేసుకున్నట్టయింది. ఇన్నేళ్లూ మీరు నా గిన్నెలు మళ్లీ తోమితే ఊరుకున్నాను. దీన్ని ఎలా ఊరుకోమంటారు? ఈ ఉత్తరం పెద్దంతరం చిన్నంతరం లేకుండా రాస్తున్నానని తెలుసు. రాస్తాను.

నిజం అడిగారు కదా. సూపు తాగలేదు. గొట్టంతో పోస్తున్నారు. నవ్వలేదు. వచ్చినవాళ్లు నేను చెప్పినట్టే నవ్వి, ఎండల గురించి మాట్లాడి పోయారు. వాళ్లు నవ్వుతున్నకొద్దీ ఆయన గోడకి దగ్గరగా జరిగారు. రాత్రిళ్లు అరవడం కూడా మానేశారు, అది నయమనుకున్నాను. ఇప్పుడు అరిచినా బాగుండునని ఉంది. బేకరీ బూడిదైపోయిందనే అనుకుంటున్నారేమో. మన పనివాళ్లిద్దరికీ ఏమైందో ఆయనకి తెలియదు. నేనే చెప్పనివ్వలేదు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు.

నాకు చాలా భయంగా ఉంది వదినా.

మరదలు


మా వంటింటి బల్ల
అదే బుధవారం, సాయంత్రం

మరదలు పిల్లా,

నువ్వు తిట్టింది తక్కువే. మిగతాది దాచిపెట్టుకో, కలిసినప్పుడు తిడుదువు గాని.

ఈ కింది ఉత్తరం వాడికి. గట్టిగా చదువు. ఒక్క ముక్క తీసెయ్యకు, ఒక్క మాట తుడవకు. అరిస్తే అరవనీ. నర్సమ్మని పక్కన ఉంచుకో. మా పెద్దాయన ఇవాళ గిన్నెల ముందు నాతో అన్న మాట చెప్తున్నాను. "శుభ్రం అవసరమేనమ్మా, కానీ బతకడానికి అదొక్కటే చాలదు." ఇంతకన్నా నాకు విడమరిచి చెప్పడం రాదు.

ఒరేయ్ తమ్ముడూ,

నీ చర్మం నేనే పాడుచేశాను. కడిగి కడిగి చంపాను. నేనెలాంటిదాన్నో నీకు తెలియనిది కాదు. నీ పలక కూడా సబ్బుతో కడిగి, మాస్టారు రాసిచ్చిన లెక్కలు పోగొట్టి, నీకు దెబ్బలు తినిపించిందాన్ని.

ఇక నీకు ఎవరూ చెప్పని కబుర్లు విను. బేకరీ నిలబడే ఉంది. పొయ్యి ఉన్న గోడ నల్లబడింది, పైకప్పు రేకులు రెండు లేచిపోయాయి, అంతే. నీ పనివాళ్లిద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. నువ్వు "బయటికి పోండి" అని అరిచావట కదా. ఇప్పుడు వాళ్లు రోజూ మా ఇంటికి వచ్చి పోట్లాడుకుంటున్నారు. పొట్టివాడు కొత్త పొయ్యి తూర్పు గోడకి పెట్టాలంటాడు, పొడుగువాడు నువ్వొచ్చేదాకా ఇటుక కదపనివ్వనంటాడు. నిన్న చీపురుకట్టలు ఎత్తారు. ఎదురింటి దర్జీ నీ రొట్టె లేక పక్క వీధి రొట్టె కొని, బాగా లేదని నాకు వచ్చి చెప్తున్నాడు, నేనేదో చేసినట్టు.

నాన్న పిండి జాడీ నా వంటింట్లో ఉంది. బతికే ఉంది. మొన్న మూత బిగించి పెడితే పొంగి, మూత ఎగిరి మీ బావగారి నెత్తిన పడింది. సున్నం వేసిన గోడ మీద ఇంత పిండి. నేను స్టూలు ఎక్కి తుడుస్తుంటే ఆయన నిలబడి నవ్వాడు, మాకు పోట్లాటయింది, ఇంకా మాటల్లేవు. రోజూ కొంచెం తీసి కొంచెం పోస్తున్నాను. జాడీ మాత్రం వేడినీళ్లతో కడిగి తుడిచే పోస్తున్నాను, ఆ మురికి అంచులు చూసి నేను తట్టుకోలేను.

నువ్వు భయపడ్డావు. పొయ్యి పేలితే ఎవడైనా భయపడతాడు. అరిచే హక్కు నీకుంది. కానీ గోడతో ఏం మాట్లాడతావురా? అది బదులు చెప్పదు. ఏ కబురూ అందక నీ కణాలు ఎలా పోయాయో నేను కళ్లారా చూశాను. నువ్వు కూడా అలా పోతే నేను చూడలేను. ఒట్టు, చూడలేను.

ఇంకో ముక్క ఇవ్వు. ఈసారి నీ గిన్నె పద్ధతి ప్రకారమే పెంచుతాను. నీళ్లు మార్చేటప్పుడు సగం పాతనీళ్లు ఉంచుతాను. కిక్కిరిసి పెరుగుతున్న వేరే గిన్నెల నీళ్లు వడగట్టి కలుపుతాను, వాటినిండా కబుర్లే ఉంటాయి. మా పెద్దాయన నా పక్కనే నిలబడి కాపలా కాస్తానన్నాడు. ఇంకో చెవి ఉందిగా నీకు, దాని వెనక నుంచి తియ్యనీ. నా మీద కోపం ఉంటే ముక్క ఇచ్చి మరీ కోప్పడు.

అక్క


వార్డు లోపల, ఆయన మంచం పక్కన
గురువారం

వదిన గారికి,

కాగితం ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా చదువుకోండి.

నర్సమ్మని పక్కన పెట్టుకుని గట్టిగా చదివాను. నత్త గాజు తలుపు దగ్గర నిలబడ్డాడు. పలక దాకా ఆయన కదల్లేదు. పొయ్యి ఉన్న గోడ నల్లబడిందనగానే ఒళ్లు వణికింది. నేను ఆపేశాను. గోడవైపు నుంచే "చదువు" అన్నారు. పనివాళ్లకి గీత కూడా పడలేదనే చోట ఏడ్చారు. గట్టిగా, చిన్నపిల్లాడిలా. నేను ఆగాను. మళ్లీ "చదువు" అన్నారు. అన్నయ్య నెత్తిన మూత పడిందనగానే నెమ్మదిగా ఇటు తిరిగారు, వదినా. ఇన్నాళ్లకి ఆయన మొహం చూశాను.

"జాడీ బతికే ఉందా?" అన్నారు. గొంతు బొంగురుపోయింది.

"ఉందండీ."

"ఏం పిండి పోస్తోంది?"

"రాయలేదు. మామూలు పిండే అయ్యుంటుంది."

"అయ్యుంటుందేంటి? పొట్టు పిండి కొంచెం కలపాలని చెప్పు. జాడీ కడుగుతోందన్నావా?"

"రోజూ. వేడినీళ్లతో."

"చంపేస్తుంది. దాన్ని కూడా చంపేస్తుంది మా అక్క!"

ఆ "కూడా" అనేసరికి ఆయనకే నవ్వొచ్చింది. కట్లు లాగి నొప్పి పుడుతుంటే "అమ్మో, అమ్మో" అంటూనే నవ్వారు. నర్సమ్మ నవ్వింది. తలుపు అవతల ఏమీ వినపడకపోయినా నత్త కూడా నవ్వాడు. నేను మాత్రం బయటికొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను, అలవాటయిపోయింది.

తర్వాత పెద్ద డాక్టరుని పిలవమన్నారు. ముక్క ఇస్తారట. ఒకటే షరతు, మీరు జాడీ కడగడం మానాలి. అంచుల మీద ఎండిన పిండి అలాగే ఉండాలట, దాని ప్రాణం అందులోనే ఉంటుందట. కొత్త పొయ్యి ఏ గోడకి పెట్టాలో తను వచ్చి చెప్తారట, అప్పటిదాకా చీపురుకట్టలు దించమన్నారు.

రాత్రి మళ్లీ అరిచారు. ఈసారి నేను నోరు మూయించలేదు. పక్కన కూర్చుని మొత్తం చెప్పించుకున్నాను.

ముక్క ఈ పెట్టెలోనే ఉంది. మొన్న రాసినదానికి క్షమాపణలు అడగను, అందులో అబద్ధం లేదు. కానీ మీరు నా వదిన కావడం నా అదృష్టం. అదీ అబద్ధం కాదు.

మీ మరదలు

తా.క.: ఇప్పుడే అర గిన్నె సూపు తాగారు. ఇది నిజం. నర్సమ్మ చేత కావాలంటే సంతకం పెట్టిస్తాను.


కణాల గది
సోమవారం

మరదలు పిల్లకి,

ఈ మూడు వారాలూ పొడి ముక్కలే రాసినందుకు తిట్టకు. బాగున్నాయి అనే మాట రాయాలంటే చెయ్యి ఆడలేదు, మైక్రోస్కోపులో ఏం కనపడితే అదే రాశాను. ఇవాళ మాత్రం నోరారా చెప్తాను.

బాగున్నాయి!

మొదట్లో నాలుగైదేసి కణాలు గుంపు కట్టాయి. సముద్రంలో లంకల్లా ఒక్కో గుంపు పెరిగింది. నేను నీళ్లు సగమే మార్చాను. చెయ్యి మిగతా సగం వైపు పోతే మా పెద్దాయన దగ్గేవాడు. ఆయనకి ఇప్పుడు దగ్గే అలవాటైపోయింది, పాపం. లంకలు పెరిగి పెరిగి ఒకదాని అంచు ఒకటి తాకాయి. అలా చుట్టూ పొరుగు దొరికాక అవి ఏం చేస్తాయో చెప్పనా? ఆగిపోతాయి. ఇంక చాలు, అందరం ఉన్నాం అని తమలో తాము అనుకుని చీలడం మానేస్తాయి. ఈ మధ్య అవి ఆగిపోతే కూడా భయమేసేది కదా. అయితే ఒంటరిగా ఆగడం వేరు, కలుసుకుని ఆగడం వేరు. నేను పొద్దున ఆ ఖాళీలు లేని గిన్నె చూసి కుర్చీలో కూర్చుని ఏడ్చాను. మా పెద్దాయన దగ్గకుండా బయటికి వెళ్లిపోయాడు.

రేకులు నత్త చేత పంపుతున్నాను. ఉల్లిపొర కన్నా పలచగా ఉంటాయి, ఊపిరి తగిలితే ముడుచుకుంటాయి. కొన్ని పట్టకపోవచ్చు. అది ముందే చెప్తున్నాను, ఇక మన మధ్య దాచడాలు వద్దు. నాకు భయంగానే ఉంది. అయినా ఆశ భయం కన్నా కొంచెం ఎక్కువే ఉంది.

జాడీ కడగడం మానేశాను. దాని అవతారం చూడలేక గుడ్డ కప్పి పెట్టాను. మీ అన్నయ్య మళ్లీ వంటింట్లోకి వచ్చాడు. కంపు అలవాటయిందట. మాకు మాటలు కలిశాయి.

వదిన


వార్డు వరండా
శనివారం

వదిన గారికి,

ఇవాళ కట్లు విప్పారు.

నర్సమ్మ ఒక్కొక్క పొరా తీస్తుంటే నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. పెద్ద డాక్టరు వంగి చూశాడు, ఇంకా వంగి చూశాడు. తర్వాత లేచి నా వైపు తిరిగి, "పట్టుకుంది" అన్నాడు. ఎడమ మోచేతి దగ్గర ఒక రేకు నిలవలేదు. చుట్టూ ఉన్నది జరిగి అదే మూసుకుంటుందిలే అన్నారు. మిగతా అంతా లేత గులాబీ రంగులో, తడిగా, కొత్తగా ఉంది. నాకు ముట్టుకోవాలనిపించింది. ముట్టుకోనివ్వలేదు.

ఆయనకి తిండి సయిస్తోంది. పనివాళ్లిద్దరూ వచ్చి మంచం పక్కనే పోట్లాడుకున్నారు. పెద్ద నర్సమ్మ వాళ్లని బయటికి పంపబోతే ఆయన వద్దన్నారు. కొత్త పొయ్యి తూర్పు గోడకే. మాట వచ్చినప్పుడు ఇంకా కాస్త బిగుసుకుంటారు, కానీ మాట పూర్తి చేస్తారు.

ఈ కింద రాసింది నేను కాదు. కలం వేళ్ల మధ్య పెట్టడానికి చాలాసేపు పట్టింది. నన్ను చూడొద్దన్నారు, చూడలేదు.

మీ మరదలు

అక్కా

అక్షరాలు చూసి నవ్వకు. కొత్త చెయ్యి.

దురద చంపుతోంది. గోక్కోనివ్వరు. నర్సమ్మ విసనకర్రతో విసురుతుంది, ఆవిడకి చేతకావడం లేదు.

నా ముక్కలేవీ ఇక నీ దగ్గర లేవట కదా. రావచ్చట. వచ్చి ఊదు.

చేతులు కడుక్కునే రా. కానీ ఒక్కసారే.